స్టన్ గన్ బ్యాగులోనే ఉంది, భయం మాత్రం తగ్గట్లేదు

ఒక అమ్మాయి రాసింది, వయసు 26. పేరు, ఊరు బయటపెట్టొద్దంది. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి ముఖ్యమైనవి మాత్రం ఇక్కడ చెప్తాను. వారంలో నాలుగు రోజులు సాయంత్రం షిఫ్ట్, బయటపడేసరికి రాత్రి పది దాటుతుంది, బస్సు దిగాక పన్నెండు నిమిషాలు నడవాలి, అందులో ఐదు నిమిషాల దారిలో లైట్లు సరిగ్గా ఉండవు. ఇదివరకు తనతో పాటు పనిచేసి మానేసిన ఒకతను నెలన్నరగా బస్ స్టాప్ దగ్గర కనిపిస్తున్నాడు. రెండు సార్లు పలకరించాడు, మూడోసారి సగం దారి వెనకే నడిచాడు, నాలుగోసారి చెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకుని పరిగెత్తింది. ఇంట్లో చెప్తే ఉద్యోగం మానేయమంటారని చెప్పలేదు. ఆన్‌లైన్‌లో ఒక స్టన్ గన్, అంటే ఒంటికి ఆనించి నొక్కితే షాక్ కొట్టే వస్తువు, తెప్పించుకుంది, చూడ్డానికి టార్చ్ లైట్‌లా ఉంటుంది, డబ్బా మీద "2 కోట్ల 50 లక్షల వోల్టులు" అని రాసుంది. అది తమ్ముడి కంటపడింది, వాడు ఎలా ఉంటుందో చూద్దామని తన తొడకే పెట్టి అర సెకను నొక్కుకున్నాడు, గట్టిగా అరిచి వెనక్కి దూకాడు గానీ పడిపోలేదు, తర్వాత "దీనికి ఎవడూ పడడక్కా" అనేశాడు. ఆ అరుపుకి వచ్చిన అమ్మ ఏమో "ఎవడైనా చచ్చిపోతే జైలుకి పోతావు, పారేయ్" అంటోంది. ఇంట్లో నాన్నకి పేస్‌మేకర్ ఉంది. అక్క కొడుకు ఐదేళ్లవాడు, తరచూ వస్తుంటాడు. ఇప్పుడు తను రోజూ రాత్రి బాత్రూంలోకి వెళ్లి ఒకసారి నొక్కి ఆ చిటపట శబ్దం విన్నాకే పడుకుంటోందట.

అడిగినవి ఇవి. ఇది నిజంగా పనిచేస్తుందా, అతను చనిపోయే ప్రమాదం ఉందా, అతను నన్ను పట్టుకుని ఉండగా నొక్కితే నాకూ షాక్ కొడుతుందా, వానలో వాడొచ్చా, చివరికి ఉంచుకోవాలా తీసేయాలా.

నన్ను అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమనుకోకు.

నీ ఉత్తరం మూడు సార్లు చదివాను. వోల్టుల గురించి అరపేజీ రాశావు, డబ్బా మీద ఏముందో మొత్తం ఎక్కించావు, మధ్యలో ఎక్కడో "చెయ్యి కూడా పట్టుకున్నాడు కానీ..." అని సగం వాక్యం రాసి వదిలేశావు. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి. అది చిన్న విషయం కాదమ్మా. దాని దగ్గరికి మళ్లీ వస్తాను, ముందు నువ్వు అడిగినవాటికి సమాధానం చెప్పాలి, ఎందుకంటే ఆ వస్తువు ఏం చేయగలదో ఏం చేయలేదో నీకు సరిగ్గా తెలియకుండా బ్యాగులో పెట్టుకుని తిరగడం అన్నిటికన్నా ప్రమాదం. నేను కొన్నేళ్లు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో పనిచేసినదాన్ని, ఇలాంటి హై వోల్టేజ్ సర్క్యూట్లు చేత్తో కట్టినదాన్ని, అందుకే కాస్త వివరంగా చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ రెండు కోట్ల యాభై లక్షల సంగతి. అది అబద్ధం. స్పార్క్ అంటే కరెంట్ గాలిని చీల్చుకుని దూకడం కదా, మామూలు గాలిలో ఒక్క మిల్లీమీటర్ దూకడానికి దాదాపు 3,000 వోల్టులు కావాలి. నీ దాంట్లో బయటి పిన్నుల మధ్య ఎడం ఎంత ఉంటుంది, మూడు నాలుగు సెంటీమీటర్లు. అంత ఎడం దూకడానికి లక్షకి కాస్త అటూ ఇటూ చాలు, పిన్ను మొనదేలి ఉంటే ఇంకా తక్కువకే దూకేస్తుంది. ఒకసారి దూకేశాక వోల్టేజ్ ఇక పెరగదు, దారి దొరికేసింది కదా. నిజంగానే రెండున్నర కోట్ల వోల్టులు ఉంటే ఆ స్పార్క్ ఎనిమిది మీటర్లు దూకాలి, అంటే ఒక పెద్ద హాలు ఆ గోడ నుంచి ఈ గోడ దాకా అన్నమాట. కాబట్టి డబ్బా మీది అంకె చూసి ధైర్యమూ తెచ్చుకోకు, భయమూ పడకు, ఆ అంకెకీ లోపల జరిగేదానికీ సంబంధం లేదు.

లోపల జరిగేది ఏంటంటే, చిన్న బ్యాటరీ ఉంటుంది, దాని నుంచి వచ్చే కొద్ది వోల్టుల్ని ఒక సర్క్యూట్ సెకనుకి వేల సార్లు ఆన్ ఆఫ్ చేస్తూ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఇస్తుంది, అది వోల్టేజ్ పెంచి కెపాసిటర్‌లో, అంటే కరెంట్‌ని కాసేపు దాచుకునే చిన్న భాగంలో, నింపుతుంది, కెపాసిటర్ నిండగానే ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది, మళ్లీ ఖాళీ. నువ్వు రోజూ వింటున్న చిటపట అదే. ఒక్కో చిటుక్కి ఒక్కో పల్స్, అంటే ఒక్క క్షణం వచ్చి పోయే కరెంట్ దెబ్బ. వోల్టేజ్ ఎక్కువ, కానీ సగటున వెళ్లే కరెంట్ చాలా తక్కువ, ఒక్కో పల్స్ సెకనులో ఏ పదివేలో వంతో ఉండి పోతుంది. పొడి వాతావరణంలో స్వెటర్ విప్పినప్పుడు, తలుపు గొళ్లెం ముట్టుకున్నప్పుడు చురుక్కుమంటుంది చూడు, అందులోనూ వేల వోల్టులు ఉంటాయి, మనకేం కాదు, ఎందుకంటే వెనక సరఫరా లేదు. ఇంట్లో గోడ సాకెట్‌లో వోల్టులు దానికన్నా చాలా తక్కువే, కానీ ఆగకుండా వస్తూనే ఉంటుంది, 10, 20 మిల్లీఆంపియర్లకే (కరెంట్‌ని కొలిచే చిన్న కొలత) చెయ్యి వదిలించుకోలేం, ఛాతీ మీదుగా 50, 100 పోయిందంటే గుండె లయ తప్పొచ్చు. కాబట్టి చూడాల్సింది వోల్టులు కాదు, ఎంత కరెంట్, ఎంతసేపు, శరీరంలో ఏ దారిన వెళ్లింది అన్నది.

ఇంకో మాట. కండరాల్ని కదిలించే నరాలు చాలా చిన్న పల్స్‌కి కూడా స్పందిస్తాయి, గుండె కండరం అంత త్వరగా స్పందించదు, దానికి ఇంకా ఎక్కువసేపు ఉండే పల్స్ కావాలి. ఈ తేడాని పట్టుకునే వీటిని తయారుచేశారు. నరాన్ని కుదిపేయాలి, గుండెని వదిలేయాలి అన్నది ఉద్దేశం. ఉద్దేశం ఎప్పుడూ వంద శాతం నెరవేరదనుకో, ఆ సంగతి మీ అమ్మ ప్రశ్న దగ్గర చెప్తా.

ఇప్పుడు మీ తమ్ముడి విషయం. వాడు పడిపోకపోవడం చూసి "పనిచేయదు" అనేశాడు. వాడు చూసింది నిజమే గానీ ఎందుకలా అయిందో వాడికి తెలీదు. జనం స్టన్ గన్, టేజర్ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. టేజర్‌ని నాసాలో పనిచేసిన జాక్ కవర్ 1974 నాటికి తయారుచేశాడు, అది దూరం నుంచి సన్నటి వైర్లు కట్టిన రెండు ముళ్లని విసురుతుంది, ఆ ముళ్లు ఒంటి మీద ఒకదానికొకటి దూరంగా గుచ్చుకుంటాయి, కనీసం ఒక అడుగు ఎడం ఉంటే మధ్యలో ఉన్న కండరాలన్నీ ఒకేసారి బిగుసుకుపోయి మనిషి కర్రలా పడిపోతాడు, నొప్పి తట్టుకునే శక్తి ఎంతున్నా పడిపోతాడు, ఎందుకంటే అక్కడ ఒళ్లు మాట వినదు. పోలీసులు బాగా వాడిన ఎక్స్26 మోడల్ లెక్క చెప్తా, సెకనుకి 19 పల్స్‌లు, దేనికీ తగలకుండా ఉన్నప్పుడు 50,000 వోల్టులు అంటారు గానీ ఒంటికి తగిలాక అది 1,200 దగ్గరికి దిగిపోతుంది, సగటు కరెంట్ 2 మిల్లీఆంపియర్ల చుట్టూ. ఇంత చిన్న అంకెలతోనే పెద్ద మనిషిని పడగొడుతుంది, ఆ ఎడం వల్ల.

నీ దగ్గరున్న దాంట్లో ఆ ఎడం నాలుగు సెంటీమీటర్లు. కరెంట్ ఆ రెండు పిన్నుల మధ్య ఉన్న కాస్త చర్మం, కాస్త కండ మీదుగా తిరిగి వచ్చేస్తుంది. నొప్పి ఉంటుంది, బాగా ఉంటుంది, ఆ చోట కండరం ముడుచుకుపోతుంది, కానీ మిగతా ఒళ్లంతా అతని అదుపులోనే ఉంటుంది. పోలీసులు టేజర్‌ని ముళ్లు లేకుండా నేరుగా ఒంటికి ఆనించి వాడినా అంతే, నొప్పే తప్ప పడిపోవడం ఉండదు. అందుకే మీ తమ్ముడు అరిచాడు, దూకాడు, పడలేదు. వాడికి అర సెకను తగిలింది, వెనక్కి దూకే స్వేచ్ఛ ఉంది, దూకేశాడు. నీ మీదకి వచ్చేవాడికీ అదే స్వేచ్ఛ ఉంటుంది. ఈ వస్తువులు అమ్మేవాళ్లు మూడు నాలుగు సెకన్లు, ఐదు సెకన్లు ఆనించి పట్టుకోండి అని రాస్తారు. పెనుగులాటలో ఒక మగవాడి ఒంటికి ఒక వస్తువుని ఐదు సెకన్లు కదలకుండా ఆనించి పట్టుకోవడం ఎలా సాధ్యం? ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అని నెమ్మదిగా లెక్కపెట్టి చూడు, ఎంతసేపో నీకే తెలుస్తుంది. దానికి తోడు మందపాటి జాకెట్ వేసుకుంటే పిన్నులు ఒంటికి చేరవు. తాగి ఉన్నవాడికి, పిచ్చి కోపంలో ఉన్నవాడికి నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది, కొందరికి నొప్పి తగిలితే ఇంకా రెచ్చిపోతారు.

అయితే అస్సలు పనికిరాదా అంటే అదీ కాదు. నొప్పికి జడుసుకుని పట్టు వదిలేవాళ్లు చాలామందే ఉంటారు, పట్టు వదిలిన ఆ ఒక్క క్షణం నీకు పరిగెత్తడానికి చాలు. అసలు ఒంటికి తగలకుండానే, ఆ నీలం స్పార్క్ చూసి, శబ్దం విని వెనక్కి తగ్గేవాళ్లూ ఉంటారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలో ఒకావిడ తనని కొట్టి హింసించిన పాత స్నేహితుడు ఎదురొస్తే స్టన్ గన్ చూపించింది, నొక్కలేదు, చూపించింది అంతే, వాడు వెళ్లిపోయాడు. కానీ తర్వాత పోలీసులు స్టన్ గన్ దగ్గర పెట్టుకున్నందుకు ఆమె మీదే కేసు పెట్టారు, అప్పట్లో ఆ రాష్ట్రంలో అది నిషేధం. ఆ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్తే 2016లో కింది తీర్పుని కొట్టేశారు. పనిచేయడం, చిక్కుల్లో పడటం, రెండూ ఆ ఒక్క కథలోనే ఉన్నాయి చూశావా.

నాకు నిజంగా చెప్పాలనిపించేది ఇదీ. స్టన్ గన్ పనిచేయాలంటే అతని ఒళ్లు నీ చేతికి అందాలి. అంటే నీ చెయ్యి కూడా అతనికి అందుతుంది. దాని పని మొదలయ్యేసరికి నీకున్న అన్నిటికన్నా పెద్ద రక్షణ, దూరం, అప్పటికే పోయి ఉంటుంది. ఆరున్నర మీటర్ల దూరంలో ఉన్న మనిషి పరుగున ఒకటిన్నర సెకనులో నీ దగ్గరికి వచ్చేస్తాడు, బ్యాగ్ జిప్ తీసి, లోపల వెతికి, సేఫ్టీ స్విచ్ జరిపి, బటన్ నొక్కడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. కాబట్టి ఇది ఆఖరి ప్రయత్నం అవుతుందే గానీ మొదటి ప్రయత్నం ఎప్పుడూ కాలేదు, మొదటిది ఏంటో ఆలోచించకుండా ఆఖరిదాన్ని మాత్రమే కొనుక్కున్నావు, అందుకే రోజూ దాని శబ్దం విన్నా నీకు భయం తగ్గట్లేదు.

ఇక అమ్మ భయం, చచ్చిపోతాడేమో అని. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద చేత్తో ఆనించే స్టన్ గన్ కొద్ది సెకన్లు వాడితే ప్రాణం పోయే అవకాశం చాలా తక్కువ. పోలీసుల టేజర్ల మీద అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ 2011లో ఒక రిపోర్ట్ ఇచ్చింది, ఆరోగ్యవంతులైన మామూలు పెద్దవాళ్లలో వీటి ప్రత్యక్ష ప్రభావం వల్ల చావు ముప్పు ఎక్కువ అనడానికి తిరుగులేని వైద్య ఆధారం లేదని అందులో ఉంది. కానీ అక్కడితో ఆగిపోతే అది సగం నిజం. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్కలో 2001 నుంచి 2012 ఆరంభం దాకా అమెరికాలో పోలీసులు టేజర్ వాడాక కనీసం 500 మంది చనిపోయారు. అందరూ టేజర్ వల్లే అని కాదు, మత్తు పదార్థాలు, గుండె జబ్బులు, పెనుగులాట ఇలా చాలా కలిసి ఉంటాయి, కానీ అంతమంది పోయారు. 2007లో కెనడాలో వాంకూవర్ ఎయిర్‌పోర్ట్‌లో ఒకతని మీద పోలీసులు ఐదు సార్లు వాడారు, అతను అక్కడే చనిపోయాడు, ఆ వాడకం సమర్థనీయం కాదని విచారణ కమిషన్ తర్వాత తేల్చింది. ఇవన్నీ టేజర్ సంగతులు, నీ దాంతో అంత కరెంట్ ఛాతీ అంతా పాకదు. అయినా వీటి నుంచి నేర్చుకోవాల్సింది ఉంది. మళ్లీ మళ్లీ నొక్కడం ప్రమాదం, ఎక్కువసేపు నొక్కి ఉంచడం ప్రమాదం, గుండె మీద, గొంతు మీద, తల మీద, కళ్ల దగ్గర పెట్టడం ప్రమాదం. షాక్ కన్నా ఎక్కువగా దెబ్బ తగిలేది తూలి పడినప్పుడు, రోడ్డు అంచుకి తల కొట్టుకుంటే చిన్న పడటం కూడా పెద్ద గాయం అవుతుంది, మెట్ల మీద, నీళ్ల పక్కన అయితే ఇంకా. గర్భిణులు, పిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, వీళ్ల విషయంలో "ఏం కాదు" అనే మాట ఎవరూ అనలేరు.

అమ్మ చెప్పిన జైలు మాట కూడా పూర్తిగా కొట్టిపారేసేది కాదు. బ్రిటన్‌లో 1968 ఫైరార్మ్స్ చట్టం కింద స్టన్ గన్ దగ్గర పెట్టుకోవడమే నేరం, అది టార్చ్‌లాగానో ఫోన్‌లాగానో మారువేషంలో ఉంటే శిక్ష ఇంకా కఠినం. కెనడాలోనూ నిషేధమే. జర్మనీలో ప్రభుత్వ పరీక్ష గుర్తు ఉన్నవాటికే అనుమతి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికింది కదా అంటే అది చట్టబద్ధం అని అర్థం కాదు, అమ్మేవాడికి ఆ బాధ్యత పట్టదు. మీ దగ్గర చట్టం ఏమంటుందో ఒక లాయర్‌ని అడుగు, పది నిమిషాల పని. ఎక్కడైనా ఒక సూత్రం మాత్రం దాదాపు ఒకటే, ఎదుటివాడి నుంచి అప్పటికప్పుడు ప్రమాదం ఉన్నప్పుడు, ఆ ప్రమాదం తప్పించుకోవడానికి ఎంత కావాలో అంతే. అతను వదిలేసి వెనక్కి తిరిగాక కోపంతో ఇంకోసారి నొక్కావంటే అది ఆత్మరక్షణ కాదు, దాడి అయిపోతుంది.

నీకూ షాక్ కొడుతుందా అని అడిగావు. కొట్టదు, అతను నీ చెయ్యి పట్టుకుని ఉన్నా సరే, ఎందుకంటే కరెంట్‌కి రెండు పిన్నుల మధ్య దగ్గరి దారి దొరికింది, అతని చేతి మీదుగా నీ దాకా వచ్చి తిరిగి వెళ్లాల్సిన పని దానికి లేదు. కానీ పెనుగులాటలో ఆ పిన్నులు నీ ఒంటికే తగిలే అవకాశం ఉంది, అప్పుడు నీకే. వానలో అయితే అతని ఒళ్లు తడిగా ఉండటం కన్నా నీ చేతిలో వస్తువు తడవడం గురించి భయపడాలి, నీళ్లు లోపలికి పోతే స్పార్క్ పిన్నుల దగ్గర కాకుండా పిడి వైపు పాకొచ్చు, లేదా అసలు పనిచేయకపోవచ్చు.

నాన్నగారి పేస్‌మేకర్ గురించి. వస్తువు ఆఫ్‌లో, సొరుగులో ఉన్నంతవరకు దాని నుంచి ఏమీ రాదు, కంగారు పడకు. కానీ నొక్కినప్పుడు వచ్చే పల్స్‌లు పేస్‌మేకర్‌ని తికమక పెట్టొచ్చు, ఒంటికి తగిలితే మరీను. కాబట్టి ఆయన ఉన్న గదిలో, పక్క గదిలో కూడా నొక్కొద్దు, బాత్రూం గోడ అవతల ఆయన మంచం ఉంటే ఈ రాత్రి నుంచే ఆపేయ్. ఆయన డాక్టర్‌ని ఒక మాట అడుగు, ఇంట్లో ఇలాంటిది ఉంది అని దాచకుండా చెప్పి. ఇక చిన్నాడు. నిజం చెప్పాలంటే ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఐదేళ్ల పిల్లాడికి టార్చ్ లైట్ కనిపిస్తే ఏం చేస్తాడు, తీస్తాడు, నొక్కుతాడు, మొహం దగ్గర పెట్టుకుని చూస్తాడు. టార్చ్ రూపంలో ఉండటం నీకు దాచుకోవడానికి బాగుందనిపించి ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అదే పెద్ద లోపం. ఉంచుకుంటే తాళం వేసిన చోట, బ్యాగ్ ఇంటికి రాగానే అందులోంచి తీసి తాళంలోకి. ఇది కుదరదు అనుకుంటే ఇంకేం ఆలోచించొద్దు, తీసేయ్.

ఉంచుకోవాలా తీసేయాలా అన్నది నేను తేల్చి చెప్పను, నీ దారి నాకన్నా నీకు తెలుసు. ఒక్కో దారిలో ఏముందో మాత్రం చెప్తా.

చట్టం ఒప్పుకుని, తాళం వేసే చోటు ఉండి, ఉంచుకుంటానంటే, దాన్ని బ్యాగులో పెట్టకు, ఆ ఐదు నిమిషాల దారిలో చేతిలోనే ఉండాలి. మణికట్టుకి తగిలించే స్ట్రాప్ చివర పిన్ను ఉండి, ఎవరైనా లాక్కుంటే పిన్ను ఊడి వస్తువు పనిచేయడం ఆగిపోయేది అయితేనే మేలు, నీ దానికి అది లేకపోతే నీ ఆయుధం అతని చేతికిచ్చినట్టే. చెయ్యి పట్టుకుంటే ఆ చేతికో, తొడకో, భుజానికో ఆనించు, అతను వదిలితే పరిగెత్తు, పడ్డాడా లేదా అని చూస్తూ నిలబడకు. రోజూ నొక్కి చూడటం మానెయ్, గాలిలో ఎక్కువగా నొక్కితే లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది, అసలు రోజున మొరాయిస్తుంది. నెలకొకసారి, ఒక సెకను లోపు, నాన్నకి దూరంగా, అంతే. ఛార్జింగ్ మాత్రం మర్చిపోకు.

దాని బదులు పెప్పర్ స్ప్రే తీసుకుంటానంటే, ఒక లాభం ఉంది, రెండు మూడు మీటర్ల నుంచే పనిచేస్తుంది, కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి, దూరం నీ దగ్గరే ఉంటుంది. గాలి ఎదురు కొడితే నీ మొహం మీదకే వస్తుంది, అది నష్టం. కొన్ని దేశాల్లో అది కూడా నిషేధం, అదీ కనుక్కో. ఒక్కటి గట్టిగా చెప్తున్నా, రెండూ కలిపి ఎప్పుడూ వాడకు. కొన్ని స్ప్రేల్లో ఆల్కహాల్ ఉంటుంది, దాని మీద స్పార్క్ పడితే మంట అంటుకుంటుంది. 2021లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒకతను ఒంటి మీద శానిటైజర్ పోసుకుని ఉండగా పోలీసులు టేజర్ వాడారు, మంటలంటుకుని ఆ కాలిన గాయాలతో వారాల తర్వాత చనిపోయాడు.

పర్సనల్ అలారం అని ఉంటుంది, పిన్ను లాగితే చెవులు పగిలేలా మోగుతుంది, దానికి చట్టం చిక్కులు దాదాపు ఉండవు, పిల్లాడు లాగినా గోల తప్ప గాయం లేదు, నాన్నకి ప్రమాదం లేదు. కానీ వినేవాళ్లు లేని చోట అది ఒట్టి శబ్దమే, నీ ఐదు నిమిషాల దారి పక్కన ఇళ్లు ఉన్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇవన్నీ వస్తువులు. ఇప్పుడు ఆ సగం వాక్యం దగ్గరికి వద్దాం.

నువ్వు రాసిన క్రమం చూడు, పలకరింపు, మళ్లీ పలకరింపు, వెనక నడవడం, చెయ్యి పట్టుకోవడం. ఒక్కోసారీ ఒక్కో మెట్టు పైకి ఎక్కుతున్నాడు. ఎవరో తెలియని దొంగ అయితే ఒక రాత్రి తప్పించుకుంటే అయిపోతుంది, ఇతనికి నీ షిఫ్ట్ తెలుసు, నీ బస్సు తెలుసు, నీ దారి తెలుసు. స్టన్ గన్‌తో ఒకరోజు తరిమేసినా మర్నాడు అదే టైమ్‌కి అక్కడే నిలబడగలడు, ఈసారి నీ చేతిలో ఏముందో తెలిసి మరీ వస్తాడు. కాబట్టి వస్తువు ఏది ఉన్నా లేకపోయినా ఇది ఇంకో నలుగురికి తెలియాలి.

ఇంట్లో చెప్తే ఉద్యోగం మాన్పిస్తారన్న నీ భయం నాకు అర్థమవుతోంది, అది ఉత్త భయం కాదు, నిజంగానే అలా జరుగుతుంది చాలా ఇళ్లలో, తప్పు చేసినవాడు రోడ్డు మీద తిరుగుతాడు, అమ్మాయి ఇంట్లో కూర్చుంటుంది. అందుకని అందరికీ ఒకేసారి చెప్పక్కర్లేదు. ముందు తమ్ముడికి చెప్పు. వాడికి వస్తువు తెలుసు, ఎందుకు కొన్నావో తెలీదు. "నాకు ధైర్యం చెప్పక్కర్లేదు, ఉద్యోగం గురించి మాట్లాడొద్దు, నాలుగు రోజులు బస్ స్టాప్‌కి రా" అని నీకేం కావాలో ముందే చెప్పు, అడగకపోతే వాడికి తోచింది వాడు చేస్తాడు, అతనితో గొడవకి దిగితే ఇంకో తలనొప్పి. అమ్మకి తమ్ముడు పక్కన ఉండగా చెప్పడం తేలిక, ఇప్పటికే ఒక ఏర్పాటు చేసుకున్నాం అని చెప్తే "మానెయ్" అన్న మాట అంత గట్టిగా రాదు. వచ్చినా అప్పుడు నువ్వు ఒంటరిగా ఉండవు.

ఆఫీసులో చెప్పడం ఇంకో దారి. అతను అక్కడ పనిచేసినవాడే కాబట్టి వాళ్ల దగ్గర వివరాలు ఉంటాయి, షిఫ్ట్ మార్చమనో, అదే వైపు వెళ్లేవాళ్లతో కలిపి పంపమనో అడగొచ్చు. నష్టం, మాట నలుగురి నోళ్లలో పడొచ్చు, కాబట్టి నోటితో కాకుండా రాసి ఇవ్వు, ఎవరికి ఇచ్చావో గుర్తుండాలి. పోలీస్ కంప్లైంట్ మరో దారి. చెయ్యి పట్టుకున్న రోజు నుంచి అది ఒట్టి పలకరింపు కాదు, కంప్లైంట్ ఇచ్చేంత విషయమే. ఇస్తే అతను కొన్నాళ్లు కనపడకపోవచ్చు, లేదా కోపం పెంచుకోవచ్చు, రెండోది జరిగేలా ఉంటే ఆ వారాలు ఒక్కదానివే నడవొద్దు. ఇవ్వకపోతే రేపు నువ్వు స్టన్ గన్ వాడాల్సి వచ్చిన రోజున "ఎందుకు వాడావు" అన్న ప్రశ్నకి నీ దగ్గర మాట తప్ప కాగితం ఉండదు. అమ్మ చెప్పే జైలు భయానికి అసలు మందు ఆ కాగితమే. నువ్వు ఏ దారి పట్టినా ఈలోగా ఆ ఐదు నిమిషాల చీకటి దారి వదిలేసి, ఇంకో పది నిమిషాలు ఎక్కువైనా లైట్లున్న దారిన నడువు, ఫోన్‌లో తమ్ముడు లైన్‌లో ఉండాలి, చెవిలో పాటలు వద్దు. మూడు నాలుగు రోజులకి అది అలవాటైపోతుంది.

ఇవాళే ఒక పని చెయ్యి, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అతను కనిపించిన నాలుగు రోజుల తేదీలు, టైమ్, చోటు, అతనన్న మాటలు గుర్తున్నంత వరకు కాగితం మీద రాసి ఫోటో తీసి పెట్టుకో. నాలుగో తేదీ పక్కన "నా చెయ్యి పట్టుకున్నాడు, నేను విదిలించుకుని పరిగెత్తాను" అని పూర్తి వాక్యం రాయి, నాకు రాసినట్టు సగంలో ఆపకు.